తీగకు పురి ఎక్కిస్తే

కరెంటు పొయ్యి వాడిన ఇళ్లలో అందరికీ తెలిసిన చిట్కా ఒకటుంది. కాయిలు ఎక్కడో ఒకచోట తెగుతుంది. కొత్తది తెచ్చే ఓపిక లేక, తెగిన రెండు కొసల్నీ దగ్గరికి లాగి, మెలిపెట్టి మళ్లీ గాడిలో కూర్చోబెడతారు. పొయ్యి వెలుగుతుంది. ఇదివరకటి కన్నా ఎర్రగా వెలుగుతుంది కూడా. పాలు త్వరగా పొంగాయని మురిసిపోతూ ఉండగానే కాయిలు మళ్లీ తెగుతుంది. ఈసారి ఇంకా తొందరగా.

ఎందుకలా? అతుకు వేసినప్పుడు కొంత తీగ పనిలోంచి తప్పుకుంది, పొడవు తగ్గింది. పొడవు తగ్గితే నిరోధం తగ్గుతుంది. గోడలోంచి వచ్చే 230 వోల్టులు మాత్రం అలాగే ఉన్నాయి కాబట్టి కరెంటు ఎక్కువ పారుతుంది, వేడి ఎక్కువ పుడుతుంది. ఆ వేడిని బయటికి వదలాల్సిన తీగ ఉపరితలమేమో ముందుకన్నా తక్కువ. రెండు వైపులా దెబ్బే. కాయిలు పొడవు 10 శాతం తగ్గిందంటే తీగ మీద ఒక్కో చదరపు మిల్లీమీటరు మోయాల్సిన వేడి దాదాపు 23 శాతం పెరుగుతుంది.

ఈ లెక్కనే గోరంత జాగాలోకి కుదించి, దాన్నొక హస్తకళగా పెంచుకున్న లోకం ఒకటుంది. అది ఈ-సిగరెట్ల లోకం. వేప్ అని పిలిచే పరికరంలో ద్రవాన్ని ఆవిరి చేసేది ఒక చిన్న తీగ కాయిలు. అమెరికా, బ్రిటన్, ఫిలిప్పీన్స్ లాంటి చోట్ల కొందరు ఔత్సాహికులు ఆ కాయిలును బజారులో కొనకుండా సొంతంగా చుట్టుకుంటారు. ఒంటి తీగతో తృప్తి పడరు. రెండు మూడు తీగలకు పురి తిప్పుతారు, లావు తీగ మీద సన్న తీగను చుడతారు, చుట్టినవాటిని పక్కపక్కన పేర్చి మళ్లీ చుడతారు. మన దేశంలో ఈ పరికరాల మీద 2019 నుంచి నిషేధం ఉంది. ఉండాల్సిందేనన్నది నా అభిప్రాయం. అయినా ఆ తీగ వెనక ఉన్న భౌతికశాస్త్రం వేప్‌కు మాత్రమే సొంతం కాదు. మన ఇస్త్రీపెట్టెదీ, గీజరుదీ, గది హీటరుదీ అదే శాస్త్రం. పైగా పురి గురించి ఆ కాయిళ్లు చుట్టేవాళ్లలో చలామణీ అయ్యే నమ్మకాల్లో సగం లెక్కకు నిలబడవు. ఆ లెక్క చూడటం సరదాగా ఉంటుంది.

గాలితో పోరాడే తీగ

వేడి పుట్టించే తీగ అనగానే తొందరగా కరగని లోహం కావాలనుకుంటాం. నిజానికి అసలు శత్రువు గాలి. ఇనుము 1538 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు. కానీ ఎర్రగా కాలిన ఇనుప తీగ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పొట్టు పొట్టుగా రాలిపోతూ, సన్నబడి తెగిపోతుంది. టంగ్‌స్టన్ 3400 డిగ్రీలు దాటేదాకా కరగదు, గాలి తగిలితే మాత్రం చూస్తుండగానే కాలిపోతుంది. అందుకే దాన్ని బల్బు లోపల బంధించారు. ప్లాటినం గాలిని లెక్కచేయదు, దాని ధరను మనం లెక్కచేయక తప్పదు. విద్యుత్ దీపాలు వచ్చి పాతికేళ్లయినా విద్యుత్ పొయ్యిలు ఇళ్లలోకి రాకపోవడానికి ఒక పెద్ద కారణం సరైన తీగ దొరక్కపోవడమే.

ఆ కొరత తీర్చినవాడు ఆల్బర్ట్ మార్ష్ అనే అమెరికన్ లోహశాస్త్రవేత్త. నికెల్ 80 పాళ్లు, క్రోమియం 20 పాళ్లు కలిపి ఆయన తయారుచేసిన మిశ్రలోహానికి 1906 ఫిబ్రవరిలో పేటెంటు దక్కింది. మన పదో తరగతి పుస్తకాల్లో కనిపించే నిక్రోమ్ అదే. దాని గొప్పతనం దానిమీద ఏర్పడే చర్మంలో ఉంది. తొలిసారి వేడెక్కగానే పైన క్రోమియం ఆక్సైడ్ పొర పలుచగా, గట్టిగా పరుచుకుంటుంది. తుప్పులా రాలదు. లోపలి లోహానికి ఆక్సిజన్ తగలకుండా కాపలా కాస్తుంది.

తర్వాతి మెట్టు స్వీడన్‌లో పడింది. హాల్‌స్టాహామర్ అనే ఊళ్లో హాన్స్ ఫాన్ కాంట్‌సో 1920లలో ఖరీదైన నికెల్‌ను పక్కనపెట్టి ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిపి మరో తీగ సాధించాడు. తన పేరులోని ముందు భాగానికి ఊరి పేరులోని ముందు భాగం జోడించి కాంథాల్ అని పేరు పెట్టాడు. కాంథాల్ ఏ-1 రకంలో క్రోమియం 22 శాతం, అల్యూమినియం 6 శాతానికి కాస్త తక్కువ, మిగిలిందంతా ఇనుమే. నిక్రోమ్‌ను 1200 డిగ్రీల దాకా వాడగలిగితే దీన్ని 1400 దాకా వాడొచ్చు. దీని చర్మం అల్యూమినియం ఆక్సైడ్, అంటే కెంపుల్లో నీలాల్లో ఉండే పదార్థమే. పొర ఎక్కడైనా పగిలితే లోపలి అల్యూమినియం పైకి వచ్చి మళ్లీ పూడుస్తుంది. ఆ నిల్వ అయిపోయిననాడు తీగ పని అయిపోతుంది. సన్న తీగలు ముందు పోవడానికి ఇదొక కారణం. వాటిలో నిల్వ తక్కువ, బయటికి కనిపించే ఒళ్లు ఎక్కువ.

అల్యూమినియం ఆక్సైడ్‌కు ఇంకో గుణం ఉంది. అది విద్యుత్తును పోనివ్వదు. వేప్ కాయిలు చుట్టేవాళ్లకు ఇది బాగా కలిసొచ్చింది. చుట్టుకూ చుట్టుకూ మధ్య ఖాళీ లేకుండా ఒకదానికొకటి ఆనించి చుట్టినా, వేడెక్కించాక ఆ పొర అడ్డుగోడలా నిలిచి కరెంటు అడ్డదారిన పోకుండా ఆపుతుంది. అందుకే కొత్త కాయిలులో ద్రవాన్ని తెచ్చే దూది ఒత్తి పెట్టకముందు దాన్ని కొద్దికొద్దిగా కాల్చి చూస్తారు. మొదట అక్కడక్కడా మచ్చలుగా వెలిగి, పొర అల్లుకున్నాక నడుమ నుంచి అంచులకు ఎరుపు సమంగా పాకుతుంది. నడుమే ఎందుకంటే కొసల వేడిని, బిగించడానికి వదిలిన తీగ కాళ్లు లాగేస్తాయి, నడిమి చుట్లకు రెండు పక్కలా వేడి చుట్లే ఉంటాయి.

అసలు తీగను చుట్టడం దేనికి? పొడవైన తీగను కొంచెం చోటులో ఇమడ్చడానికన్నది మొదటి జవాబు. రెండో జవాబును బల్బుల మీద పనిచేసిన ఇర్వింగ్ లాంగ్‌ముయిర్ అందరికన్నా బాగా పట్టుకున్నాడు. వాయువులో వేడెక్కిన తీగ చుట్టూ కదలని పలుచని వాయుపొర ఒకటి అంటుకుని ఉంటుందని, తీగను స్ప్రింగులా చుడితే ఆ పొర మొత్తం కాయిలుకు ఒకటే కావడం వల్ల వేడి నష్టం తగ్గుతుందని ఆయన చూపించాడు. 1913 తర్వాత వచ్చిన వాయువు నింపిన బల్బుల్లో ఫిలమెంటును చుట్టడం మొదలైంది అందుకే.

ఈ-సిగరెట్ చరిత్రను రెండు ముక్కల్లో ముగించవచ్చు. అమెరికాలో హెర్బర్ట్ గిల్బర్ట్ 1963లో దరఖాస్తు చేసి 1965లో పొగలేని సిగరెట్‌కు పేటెంటు తెచ్చుకున్నాడు. సరుకు బజారుకు రాలేదు. 2003లో చైనాలోని షెన్యాంగ్‌లో హోన్ లిక్ అనే ఫార్మసిస్టు రూపొందించినదే ఇవాళ్టి పరికరాలకు మూలపురుషుడు. విచిత్రమేమిటంటే ఆయన మొదట తీగను నమ్ముకోలేదు. అల్ట్రాసౌండ్ కంపనాలతో ద్రవాన్ని తుంపర చేయాలనుకున్నాడు. బజారులో నిలిచింది మాత్రం చవకైన, మొరటైన వేడి తీగే.

పురి లెక్క

ఇక పురి సంగతి. రెండు తీగల కొసల్ని ఒకవైపు పట్టుకారులో బిగించి, రెండోవైపు డ్రిల్లింగ్ మెషీన్‌కు తగిలించి తిప్పితే తాడులాంటి తీగ వస్తుంది. ఒక సంగతి ఇక్కడే తేల్చేద్దాం. టెలిఫోన్ తీగల జంటకు పురి పెట్టే పద్ధతికి గ్రాహంబెల్ 1881లో పేటెంటు పొందాడు. అక్కడ పురి పక్క తీగల గోలను రద్దు చేస్తుంది. వేప్ కాయిలులో అలాంటిదేమీ లేదు. ఇక్కడ రెండు పోగుల్లోనూ కరెంటు ఒకే దిక్కుకు పోతుంది, సంకేతమూ లేదు, గోలా లేదు. పురి విద్యుత్తుకు చేసే మేలు సున్నా. అది చేసే పని అంతా జ్యామితిలో ఉంది.

ఒంటి తీగతో మొదలుపెడదాం. అమెరికన్ గేజి 28 కాంథాల్ తీగ మందం 0.32 మిల్లీమీటర్లు. మీటరు తీగ నిరోధం సుమారు 18 ఓములు. 3 మిల్లీమీటర్ల ఊచ మీద ఆరు చుట్లు వేసి, బిగించడానికి కాళ్లు వదిలితే మొత్తం 73 మిల్లీమీటర్లు పడుతుంది. నిరోధం 1.3 ఓములు. నిండా ఛార్జ్ చేసిన లిథియం సెల్ 4.2 వోల్టులు ఇస్తుంది. అంటే 3.2 ఆంపియర్ల కరెంటు, 13.6 వాట్ల వేడి.

ఇప్పుడు అదే తీగను రెండు పోగులు తీసుకుని, 2.2 మిల్లీమీటర్లకు ఒక మెలిక చొప్పున పురి తిప్పుదాం. తాడు మందం 0.64 మిల్లీమీటర్లయింది, కాబట్టి అదే ఊచ మీద ఒక్కో చుట్టు కాస్త పెద్దదవుతుంది. తాడు లోపల పోగు తిన్నగా కాకుండా మెలికలు తిరుగుతూ పోతుంది, కాబట్టి అది తాడు కన్నా 10 శాతం పొడవు. రెండూ కలుపుకుంటే ఆరు చుట్లకు ఒక్కో పోగు పొడవు 86 మిల్లీమీటర్లు. పక్కపక్కనే రెండు దారులున్నాయి గనక నిరోధం సగమవుతుంది, పెరిగిన పొడవు వల్ల కొంత తిరిగి పెరుగుతుంది. తేలేది 0.77 ఓములు. అదే సెల్ ఇప్పుడు 5.5 ఆంపియర్లు తోడి 23 వాట్ల వేడి పుట్టిస్తుంది.

వాట్లు బాగా పెరిగాయి. మరి తీగ మరింత కాలాలి కదా? కాలదు. ఒంటి తీగ ఉపరితలం సుమారు 74 చదరపు మిల్లీమీటర్లు, ఒక్కో చదరపు మిల్లీమీటరు మీద 185 మిల్లీవాట్లు పడుతున్నాయి. రెండు పోగుల ఉపరితలం 173. ఒక్కో చదరపు మిల్లీమీటరు మీద పడేది 132 మిల్లీవాట్లే. మొత్తం వేడి పెరిగింది, సెగ, అంటే ఒక్కో చదరపు మిల్లీమీటరు మీద పడే వేడి, తగ్గింది. ఎక్కువ ద్రవం, తక్కువ ఉష్ణోగ్రత దగ్గర ఆవిరవుతుంది. పురి తిప్పిన కాయిలు మెత్తగా పనిచేస్తుందని దాన్ని చుట్టేవాళ్లు చెప్పేది ఇదే. అనుభవం నిజమే. వాళ్లు చెప్పే కారణమే తప్పు.

రెండో పోగు చేరినందువల్ల వేడి పంచుకుని సెగ తగ్గిందని వాళ్ల వాదన. పురి లేకుండా 73 మిల్లీమీటర్ల తీగలు రెండింటిని విడివిడిగా పక్కపక్కన పెట్టి చూడండి. వేడి సరిగ్గా రెట్టింపు, ఉపరితలం సరిగ్గా రెట్టింపు. సెగ మళ్లీ 185 దగ్గరే నిలుస్తుంది. మూడు పోగులైనా అంతే, పదైనా అంతే. సెల్ వోల్టేజి మారనంతవరకు సెగను నిర్ణయించేవి తీగ పదార్థం కాక రెండే సంగతులు. ఒకటి పోగు పొడవు, అదీ వర్గంలో. రెండోది పోగు మందం. 73 కాస్తా 86 అయింది కాబట్టి సెగ తగ్గింది, అంతే. తెగిన పొయ్యి కాయిలు ఎర్రబడింది కూడా ఈ సూత్రంతోనే, తిరగేసి. అదే పొడవుకు లావు తీగ వేస్తే సెగ తగ్గకపోగా పెరుగుతుందన్నది ఇంకా వింత. లావు తీగ కాబట్టి చల్లగా ఉంటుందనుకోవడం సహజం. వోల్టేజి స్థిరంగా ఉన్నచోట అది భ్రమ.

వాట్లను స్థిరంగా ఉంచే ఎలక్ట్రానిక్ పరికరాల్లో కథ వేరు. 20 వాట్లని అమర్చితే అవి వోల్టేజిని సర్దుకుని 20 వాట్లే ఇస్తాయి. అక్కడ ఒంటి తీగ మీద 272 మిల్లీవాట్ల సెగ, జంట మీద 115. పోగులు చేరినకొద్దీ సెగ నిజంగానే పంచుకుపోతుంది. కాబట్టి ఈ వాదులాటలో రెండు పక్షాలూ తమ తమ పరికరాల వరకు నిజమే చెబుతుంటాయి. ఎవరి చేతిలో ఏ పరికరం ఉందో ముందు అడగాలి.

పురికి ఇంకో లాభం ఉంది, దానికో నష్టమూ ఉంది. రెండు పోగుల మధ్య మెలికలు తిరుగుతూ సన్నని గాడి ఏర్పడుతుంది. కేశనాళికల సూత్రంతో ద్రవం ఆ గాడి వెంట పాకి తీగను తడుపుతుంది. నష్టం బరువు. ఒంటి తీగ 42 మిల్లీగ్రాములుంటే జంట 99 ఉంటుంది. వేడి ఎటూ పోదనుకున్నా 200 డిగ్రీలు పెరగడానికి మొదటిదానికి సెకనులో పావు వంతు పైచిలుకు చాలు, రెండోదానికి 0.4 సెకను కావాలి. చేతి గడియారంతో కొలవలేనంత తేడా. పీల్చేవాడికి మాత్రం తెలుస్తుంది.

గిటారు తీగ

ఈ కళలో అందరికన్నా పేరు మోసింది క్లాప్టన్ కాయిలు. నడుమ లావు తీగ, దాని చుట్టూ సందు లేకుండా సన్న తీగ. గిటారు మంద్ర తీగ అచ్చం అలాగే ఉంటుంది, అందుకే గిటారు విద్వాంసుడు ఎరిక్ క్లాప్టన్ పేరు తగిలించారు. ఆయనకూ దీనికీ ఇంకే సంబంధమూ లేదు.

దీని లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. నడిమి తీగ 0.405 మిల్లీమీటర్లు, పై చుట్టు తీగ 0.127 మిల్లీమీటర్లు అనుకుందాం. నడిమి తీగ ఒక మిల్లీమీటరు నడిచేలోగా పై తీగ దాని చుట్టూ తిరుగుతూ 13 మిల్లీమీటర్లు నడుస్తుంది. పైగా దాని కోత వైశాల్యం నడిమి తీగలో పదో వంతు. ఇంత పొడవు, ఇంత సన్నం. అందువల్ల నడిమి తీగలో పారే కరెంటులో నూటికి ఒక పాలు కూడా పై తీగలో పారదు. విద్యుత్తు దృష్టిలో అది లేనట్టే. దాని వేడంతా నడిమి తీగను ఆనుకుని ఉన్నందువల్ల వచ్చిందే.

కరెంటు పని ఏమీ చేయని ఆ పై తీగ బరువెంత? మిల్లీమీటరుకు నడిమి తీగలో ఉన్న లోహం 0.129 ఘనపు మిల్లీమీటర్లు, పై తీగలో 0.167. మోసేవాడికన్నా ఎక్కినవాడే బరువు! మొత్తం లోహం 2.3 రెట్లయింది, వేడెక్కడానికి పట్టే సమయమూ అంతే పెరిగింది. బదులుగా దక్కేది ఉపరితలం. పై తీగ మొత్తం ఒళ్లు నడిమి తీగ ఒంటికి నాలుగు రెట్లు. అందులో కొంత లోపలికి ఆనుకుని దాగిపోయినా, మిగిలినదంతా, ఆ వందల సన్న సందులతో సహా, ద్రవాన్ని పట్టుకునే చోటే. దట్టమైన ఆవిరి మేఘాలు వదిలే పోటీలకు వెళ్లేవాళ్లు ఇలాంటి కాయిళ్లనే ఎందుకు కోరుకున్నారో ఇప్పుడు అర్థమవుతుంది. పోటీల మాట నిజమే. 2010 దశకం నడిమి ఏళ్లలో ఎవరి మేఘం పెద్దదో తేల్చడానికి అమెరికాలో ప్రత్యేకంగా సభలే జరిగేవి. మనిషి ఊపిరితిత్తిని కొలబద్దగా వాడిన క్రీడ అది.

ద్రవం ఉన్నంతసేపే

వేప్ ద్రవంలో ప్రధానంగా ఉండేవి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్. మొదటిది 188 డిగ్రీల దగ్గర, రెండోది 290 దగ్గర మరుగుతుంది. దూది ఒత్తి ద్రవాన్ని తీగ దాకా తెస్తున్నంతసేపు తీగ ఉష్ణోగ్రత ఆ హద్దుల్ని మించి పెద్దగా పెరగదు, నీళ్లున్నంతసేపు గిన్నె మాడనట్టే. ఒత్తి ఆరిందా, తీగ క్షణంలో ఎగబాకుతుంది. దూది మాడుతుంది, గ్లిసరిన్ విరిగిపోయి అక్రోలిన్, ఫార్మాల్డిహైడ్, అసిటాల్డిహైడ్ పుడతాయి. అక్రోలిన్ ఘాటు మనకు కొత్త కాదు, మాడిన నూనె పొగలో కళ్లు మండించేది అదే.

2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పోర్ట్‌లండ్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు రాసిన ఒక లేఖ ఈ విషయంలోనే దుమారం లేపింది. 3.3 వోల్టుల దగ్గర కనపడని ఫార్మాల్డిహైడ్ సంయోగాలు 5 వోల్టుల దగ్గర బాగా పుట్టాయని వాళ్లు చెప్పారు. ఆ కాయిలును 5 వోల్టుల దగ్గర వాడితే మాడు రుచికి ఎవరూ పీల్చలేరని విమర్శకులు తిప్పికొట్టారు. పైన వేసిన లెక్క చేతిలో ఉంటే తగవు ఎక్కడుందో తెలిసిపోతుంది. వోల్టులు చెప్పి తీగ పొడవు, ఉపరితలం చెప్పకపోతే సెగ ఎంతో చెప్పనట్టే. ఒక కాయిలుకు 5 వోల్టులు నిప్పు, మరో కాయిలుకు గోరువెచ్చన. ఇళ్లలో ఎవరికి తోచినట్టు వాళ్లు చుట్టుకునే కాయిళ్ల మీద ఏ ప్రయోగశాలా మొత్తానికి వర్తించే భరోసా ఇవ్వలేకపోవడానికి కారణమూ ఇదే.

తీగ ఉష్ణోగ్రతను తీగనే అడిగి తెలుసుకునే ఉపాయం 2014లో వచ్చింది. ఎవాల్వ్ అనే అమెరికన్ కంపెనీ తెచ్చిన సర్క్యూట్, కాయిలు నిరోధం పెరుగుదలను క్షణక్షణం కొలిచి, హద్దు దాటగానే కరెంటు తగ్గిస్తుంది. ఈ పనికి కాంథాల్ పనికిరాదు. వేడెక్కినా దాని నిరోధం దాదాపు మారదు, ఇస్త్రీపెట్టెకు అదే వరం, ఇక్కడ అదే శాపం. శుద్ధ నికెల్ అయితే 20 నుంచి 220 డిగ్రీలకు చేరేసరికి నిరోధం రెట్టింపు దాటుతుంది, స్టెయిన్‌లెస్ స్టీల్ 18 శాతం దాకా పెరుగుతుంది. ఉపాయం తెలివైనదే. కానీ అది చెప్పేది మొత్తం కాయిలు సగటు. ఒక్క చుట్టు దగ్గర ఒత్తి ఆరిపోతే ఆ ఒక్కచోట ఎంత కాలుతోందో దానికి పట్టదు.

ఇంతకన్నా మొరటు ప్రమాదం సెల్‌లో ఉంది. సర్క్యూట్ అన్నదే లేకుండా సెల్‌కు, కాయిలుకు మధ్య ఒక మీట మాత్రమే ఉండే గొట్టాలున్నాయి. ఫిలిప్పీన్స్‌లో, అమెరికాలో వీటికి మోజు ఎక్కువ. పోగుల మీద పోగులు చేర్చుకుంటూ నిరోధాన్ని 0.1 ఓము దాకా దించితే 4.2 వోల్టులకు 42 ఆంపియర్లు పారాలి. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే మామూలు సెల్ ఎడతెగకుండా ఇవ్వగలిగేది 20, మహా అయితే 30 ఆంపియర్లు. పైగా సందు లేని ఇత్తడి గొట్టంలో సెల్ వేడెక్కితే వాయువు బయటికి పోయే దారి ఉండదు. 2018 మే నెలలో ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఇలాంటి పరికరం పేలి ముక్కలు తలలోకి దూసుకుపోవడంతో ఒక మనిషి చనిపోయాడు. ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రాన్ని ఒక్కసారి కాగితం మీద వేసి చూసుకునే అలవాటు ఉంటే తప్పే ప్రమాదాలు వీటిలో చాలానే ఉంటాయి.

లెక్క వేసుకున్నా తప్పనిది మరొకటుంది. జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2018లో 56 మంది సొంత పరికరాలను తెప్పించి పరీక్షించారు. సీసాలోని ద్రవంలో లోహాలు అతి తక్కువ. అదే ద్రవం కాయిలును తగిలాక, దాని ఆవిరిలో సీసం, నికెల్, క్రోమియం, మాంగనీస్ బాగా పెరిగాయి. నికెల్ సంయోగాలు, ఆరు వేలెన్సీ క్రోమియం మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయన్నది ఎప్పుడో తేలిన విషయం. గాలిలో పొడిగా కాలే పొయ్యి తీగకు కాపలా కాసిన ఆక్సైడ్ చర్మం, చక్కెర ఆల్కహాలులో నానుతూ నిమిషానికోసారి మండి చల్లారే బతుకు కోసం పుట్టింది కాదు. పురి తిప్పి, చుట్టు మీద చుట్టు వేసి ఉపరితలాన్ని నాలుగింతలు చేసుకున్నవాళ్లు ఆవిరి పుట్టే చోటును పెంచుకున్నారు. లోహమూ ద్రవమూ కలిసే చోటు కూడా అంతే పెరిగింది. మార్ష్, కాంట్‌సో తమ తీగలను పొయ్యిల కోసం, కొలుముల కోసం చేశారు. వాటి పక్కన మూతి పెట్టి ఎవరైనా పీలుస్తారని వాళ్లు లెక్కలోకి తీసుకోలేదు.

పొగాకు సిగరెట్ మానలేనివారికి వేప్ తక్కువ హాని అని బ్రిటన్ వైద్యులు కొందరు వాదిస్తారు. సిగరెట్ పొగతో పోలిస్తే ఆ మాట కొట్టిపారేయలేం. కానీ ఇంట్లో పురి తిప్పిన తీగల సంగతి ఆ వాదనలోకి రాదు. అక్కడ కొలిచేవాళ్లు లేరు, ప్రమాణాలు లేవు.

మన దేశంలో 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సుగా, అదే ఏడాది డిసెంబరులో చట్టంగా వచ్చిన నిషేధం స్పష్టంగా ఉంది. తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నేరాలే. నిల్వ కాక మిగతావాటిలో మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నిల్వకు శిక్ష ఇంతకన్నా తక్కువ. పూర్తి పరికరమే కాదు, దాని భాగాలు తయారు చేయడమూ ఇందులోకి వస్తుంది. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో చదువుకుని సెలవులకు వచ్చే పిల్లలు సామానులో పెట్టుకుని తెచ్చినా అది దిగుమతే. తల్లిదండ్రులు ఒకసారి చెప్పి ఉంచడం మంచిది.

తీగతో ఆడుకోవాలన్న దురద ఉన్న కుర్రాళ్లకు మాత్రం దారి మూసుకుపోలేదు. పెళ్లి మండపాల అలంకరణకు, సైన్సు ఫెయిర్ల నమూనాలకు థర్మోకోల్ కోసే విల్లులో ఉండేది నిక్రోమ్ తీగే. 0.32 మిల్లీమీటర్ల తీగ 30 సెంటీమీటర్లు తీసుకుంటే నిరోధం 4 ఓములు, 6 వోల్టులిస్తే ఒకటిన్నర ఆంపియర్లు, 9 వాట్లు. పొడవు మార్చి, మందం మార్చి, పోగులు చేర్చి సెగ లెక్క నిజమో కాదో అక్కడే తేల్చుకోవచ్చు. తీగ కొనేటప్పుడు గేజి అంకెను నమ్మకండి. మన దుకాణాల్లో వాడే బ్రిటిష్ గేజిలో 28 అంటే 0.376 మిల్లీమీటర్లు, అమెరికన్ గేజిలో 0.32. మందం అడిగి కొనండి. థర్మోకోల్ కాలిన పొగ కూడా ఒంటికి మంచిది కాదు, కోసేటప్పుడు కిటికీలు తెరిచి పెట్టుకోండి.